ఫిబ్రవరి దాకా

పెద్ద టీచరమ్మ పోయిందని విని నేను ముందుగా హమ్మయ్య అనుకున్నాను. రాసేదానికి సిగ్గుగానే ఉంది. చిత్తూరు బస్టాండులో తిరుపతి బస్సు కోసం నిలబడి ఉంటే, నా మొదటి ఉద్యోగంలో మా బడికి గంట కొట్టిన అటెండరు నన్ను గుర్తుపట్టి దగ్గరికొచ్చినాడు. "పెద్ద టీచరమ్మ పోయింది సార్. మూడు నెల్లు దాటింది. నీకు తెలిసే ఉంటాదనుకుంటిని" అన్నాడు. తెలియదన్నాను. నేను ఎంత పనికిరాని పంతులుగా మొదలైనానో పూర్తిగా తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. ఆ సాక్షి ఇక లేదు. అంగట్లో పుట్టిన బుద్ధి చావు కబురులో కూడా ముందు లాభమెంతని చూసుకుంటుంది. ఏడుపు తర్వాత వచ్చింది, బస్సు పూతలపట్టు దాటినాక.

ఆమె పేరు రాయను. సభలో ఎవరైనా తన పేరెత్తితే తల దించుకుని బల్ల కింద కాలితో చెప్పులు వెతుక్కునే మనిషి. ఆ చెప్పుల సంగతి మా బడిలో అందరికీ తెలుసు. కుర్చీలో కూర్చోగానే చెప్పులు విడిచేసేది. లేవాల్సి వస్తే ఒకటి దొరికేది, రెండోది దొరికేది కాదు. కాలివేళ్ళతో తడుముతా తడుముతా మాట్లాడేది. రెండు చెప్పులూ ఒకేసారి దొరికించుకుని లేచిందంటే ఎవరికో మూడిందని మేం ఎవరి తరగతులకు వాళ్ళం జారుకునేవాళ్ళం. సత్యవేడు పక్క మనిషి కాబట్టి మాటల్లో అరవం దొర్లేది. చాలు అనాల్సిన చోట 'పోదుం' అనేది. ఆ మాట మెల్లగా అన్నదంటే ఆ పూటకు వాదన అయిపోయినట్టే.

ఇక నా సంగతి. తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి వీధిలో మాది ఇత్తడి సామాన్ల అంగడి. కొండకు వచ్చే యాత్రికులే మా గిరాకీ. పదేళ్ళకే నేను అరవంలో ఒక ధర, కన్నడంలో ఒక ధర, హిందీలో ఇంకో ధర చెప్పేవాణ్ణి. మా నాయన నేర్పిన విద్య పెద్దదేమీ కాదు. అమ్మేటప్పుడు, కొనేవాడు మెట్టు దిగేదాకా నువ్వు ధర దిగొద్దు. కొనేటప్పుడు, అమ్మేవాడు వెనక్కి పిలిచేదాకా మెట్లు దిగతానే ఉండు. అన్నలిద్దరూ అంగట్లో కూర్చున్నాక మూడోవాడికి ఆడ చోటు లేదు. అట్ల నేను బి.ఎస్.సి., ఆపైన బి.ఇడి. చదివి లెక్కల పంతులైనాను. డెబ్బైల నడుమ మాట. ఏర్పేడు స్టేషనులో దిగి నాలుగు మైళ్ళు సైకిలు తొక్కితే వచ్చే ఊళ్ళో హైస్కూలు. ఆమె హెడ్మిస్ట్రెస్. నాది ప్రొబేషను ఉద్యోగం. నన్ను ఉంచాలా పంపాలా అనే రిపోర్టు ఆమె చేతిలో ఉండేది.

పదో తరగతి లెక్కలు నాకిచ్చినారు. ముప్పై ఒక్కమంది. తరగతిని అదుపులో పెట్టే మార్గం తెలియక నాకు తెలిసిన విద్యకే దిగినాను. ఈ మూడు లెక్కలు చేయండి, నాలుగోది వదిలేస్తా అనేవాణ్ణి. వాళ్ళు రెండు అనేవాళ్ళు. సరే రెండు అంటే, ఒకటి చేసి, రెండోది మీరే బోర్డు మీద చేసి చూపండి సార్, కొసరు మాదిరి అనేవాళ్ళు. రెండు నెలలయ్యేసరికి నేను నలభై నిమిషాల్లో ఒక్క లెక్క చెప్పి, గొంతు పోగొట్టుకుని బయటికొచ్చేవాణ్ణి. బేరాల్లో పుట్టి పెరిగినోణ్ణి, ముప్పై ఒక్కమంది పిల్లోళ్ళ చేతిలో బోణీ కాకుండానే దివాలా తీసినాను.

మొదట్లో ఒక దినం తరగతి సంతలాగ ఉన్నప్పుడు ఆమె వరండాలో నడిచి వచ్చింది. తలుపు దాకా రాలేదు, నీడ మాత్రం గడప మీద పడింది. తరగతి చల్లబడింది. నేను సంతోషించి గబగబా పాఠం నడిపించినాను. మరుసటి రోజు నుంచి ఆమె ఆ వరండాలో నడవడం మానేసింది. ఆఫీసు గదిలోంచి ఎనిమిదో తరగతికి పోవాలంటే నా తరగతి దాటాలి. ఆమె బడి వెనకగా, కంపచెట్ల పక్కన, మిట్టమధ్యాహ్నం ఎండలో చుట్టు తిరిగి పోయేది. ఎందుకట్ల తిరుగుతారని అటెండరు అడిగితే నడిస్తే మంచిదని అన్నదంట. నేను అడిగితే వేరే మాట చెప్పింది. "నన్ను చూసి నోరు మూసుకుంటే నీకేమొస్తాది అయివారూ? నేను పోంగానే ఇంకా ఎక్కువ అరుస్తారు. ఆ అప్పు నీ నెత్తిన పెట్టను."

ఆమె తరగతిలో ఏదైనా ప్రశ్న వేసిందంటే చెయ్యెత్తినవాళ్ళను చూసేది కాదు. "ఎవురికి రాలేదు?" అనేది. వచ్చినోళ్ళతో మనకేం పని, వాళ్ళు మన దగ్గరికి రాకపోయినా బతుకుతారు అనేది. సుద్దముక్కను నిండుగా ఎవరికీ ఇచ్చేది కాదు, రెండుగా విరిచి ఇచ్చేది. పిసినారితనమని నేను మెచ్చుకున్నాను కూడా, మా వీధి లక్షణం కదా అని. నిండు సుద్ద బోర్డు మీద కీచుమంటుంది, వెనక బెంచీ పిల్లోళ్ళకు నవ్వొస్తుంది, ఆ నవ్వుతో నీ పాఠం పోతుంది అని చెప్పినాక నా మెచ్చుకోలు వెనక్కి తీసుకున్నాను.

ఆగస్టులోనో సెప్టెంబరులోనో, నాలుగున్నర గంట కొట్టినాక నన్ను పిలిచింది. పదో తరగతి గదిలో ఆడపిల్లల బెంచీలో, మూడో వరసలో, కాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉంది. "పాఠం చెప్పు" అనింది. ఎవరికమ్మా అన్నాను. "నాకు. ఈ దినం నేను చెంగమ్మను."

చెంగమ్మ మా తరగతి పిల్ల. బక్కగా, మాట తక్కువ. చిన్నమ్మ ఒకామె ఆస్పత్రిలో ఆయా. పది పాసయితే నర్సు ట్రైనింగులో చేర్పిస్తానని చెప్పింది. ఆ మాట పట్టుకుని బడికొచ్చే పిల్ల. లెక్కల్లో మాత్రం ఎప్పుడూ ఒకే చోట ఆగిపోయేది. ఆ సంగతి నాకు తెలియదు. పెద్ద టీచరమ్మకు తెలుసు.

నేను సమీకరణం రాసి, మైనస్ మూడును అటు పక్కకు పంపి ప్లస్ చేసినాను. బెంచీలోంచి చెంగమ్మ గొంతుతో, పెదవి కొరుక్కుంటా, "సార్, మైనస్ యాడికి పాయ?" అనింది. అటు పోతే ప్లస్ అవుతుందన్నాను. ఎందుకవుతుంది అనింది. రూలు అన్నాను. ఎవురు పెట్టినారు సార్ అనింది. యాభై ఏళ్ళ మనిషి, బడికి పెద్ద, నా ఎదురుగా నోరు తెరుచుకుని జవాబు కోసం చూస్తా ఉంది. నవ్వదు. ఎగతాళి చేయదు. నాకు జవాబు తెలియదని ఆ పొద్దే నాకు తెలిసింది.

అప్పుడు మామూలు గొంతుకు వచ్చి, "మీ అంగట్లో తక్కెడ లేదా అప్పా?" అనింది. ఉండాదమ్మా అన్నాను. "మరి ఆ అంగడిని యాడ పెట్టి వస్తా ఉండావు? రేణిగుంటలో రైలు మారేటప్పుడు ఆడనే మరిచి వస్తా ఉండావా?"

ఇంటికి పోయి ఆ రాత్రి నాయన తక్కెడ ముందు కూర్చున్నాను. ఒక పళ్ళెంలో నుంచి మూడు తీసేసినారు, రెండో పళ్ళెంలో ఉన్నది దానికి సరితూగింది. తీసేసిన మూడును మళ్ళీ వేస్తే? ఇటు మూడు వేసినప్పుడు అటూ మూడు వేయకపోతే ముల్లు నిలబడదు. మైనస్ ఎక్కడికీ పోలేదు. రెండు పక్కలా మూడు వేసినాము, అంతే. ఇరవై నాలుగేండ్లు ఆ తక్కెడ పక్కనే పెరిగి, అది నేను బడిలో చదివిన లెక్కకు సంబంధించిందని అనుకోలేదు.

తర్వాత వారానికి మూడు దినాలు ఆమె ఎవరో ఒకరయ్యేది. ఒక దినం కన్నెమ్మ, ఒక దినం గురవయ్య. ఎవరికి ఎక్కడ తప్పుతుందో అక్కడే తప్పేది. వాళ్ళు ముక్కు ఎగబీల్చే తీరు కూడా వదిలేది కాదు. నేను ఇంట్లో చెబితే మా వదిన పొట్ట పట్టుకుని నవ్వింది. నాకు మాత్రం నవ్వొచ్చేది కాదు. ఆమె ముందు నేను ప్రతిసారీ పరీక్ష తప్పేవాణ్ణి.

ఒక దినం ఆమె వెంకటేసు అయింది. వాడు తరగతిలో నన్ను ఎక్కువ ఏడిపించేవాడు. ఏం చెప్పినా పళ్ళికిలించి "అర్థం కాలే సార్" అనేవాడు. ఆమె అచ్చం అట్లనే అనింది. మళ్ళీ చెప్పినాను. "అర్థం కాలే సార్." మూడోసారి చెప్పినాను. ఆ దినం పగలంతా నిజమైన వెంకటేసుతో పడి వచ్చినాను. ఏమైందో తెలియదు, బల్ల మీది రూళ్ళకర్ర నా చేతిలోకి వచ్చింది, చెయ్యి పైకి లేచింది.

ఆమె వెంకటేసుగానే ఉండిపోయింది. మోచెయ్యి ముఖానికి అడ్డం పెట్టుకుని, తల భుజాల్లోకి లాక్కుని, కళ్ళు గట్టిగా మూసుకుంది. నా చేతిలో కర్ర అట్లనే ఉంది. మోచెయ్యి అడ్డం తీయకుండానే, తన గొంతుతో చెప్పింది. "ఈడికి వచ్చినాక ఇంక లెక్క వినపడదు అయివారూ. నువ్వు ఎంత బాగా చెప్పినా వినపడదు. వాడు దెబ్బ ఎప్పుడు పడతాదా అని మాత్రమే వింటా ఉంటాడు."

రూళ్ళకర్రను మరుసటి దినం ఆఫీసులో అప్పజెప్పినాను. ఆమె తీసుకుని కాగితాల మీద బరువుకు పెట్టుకుంది.

ఇంతవరకు చెబితే ఇది మంచి కథ. చెడ్డ పంతుల్ని మంచి పెద్దమ్మ దిద్దింది అని సన్మానసభల్లో చెప్పుకోవచ్చు. నేను చాలాసార్లు ఇక్కడిదాకానే చెప్పి కూర్చున్నాను. చప్పట్లు కొట్టినారు.

అర్ధసంవత్సర పరీక్షల్లో ముప్పై ఒక్కమందిలో పందొమ్మిది మంది లెక్కల్లో తప్పినారు. నేను నేర్చుకుంటానే ఉన్నాను, నిజమే. అయితే నేను నేర్చుకునే వేగానికి పబ్లిక్ పరీక్ష ఆగదు కదా. జనవరిలో ఊరి ప్రెసిడెంటు, ఇద్దరు తండ్రులు ఆమె దగ్గరికొచ్చినారు. మర్యాదగానే అడిగినారు. కొత్తాయన మంచోడేనమ్మా, ఆయన తొమ్మిదో తరగతిలో నేర్చుకోనీ, పదోది పెద్దయ్యవారికి ఇయ్యి అన్నారు. పెద్దయ్యవారంటే మా బడిలో సీనియరు లెక్కల పంతులు, ఇరవై ఏళ్ళుగా పదో తరగతి చెప్పినాయన. ఆయన సరేనన్నాడు. ఆమె ఎప్పుడూ వచ్చినవాళ్ళను అప్పటికప్పుడే తేల్చి పంపేది. ఆ దినం మాత్రం సోమవారం చెప్తానని పంపింది.

శనివారం నన్ను పిలిచింది. బల్ల మీద టైంటేబుల్, పెన్సిలు, రబ్బరు. నా పేరు పెన్సిలుతోనే రాసి ఉంది. "ఏమంటావు?" అనింది.

నేను ఏమన్నానో, ఎట్లన్నానో ఇప్పటికీ ప్రతి మాటా గుర్తుంది, ఎందుకంటే నా జీవితంలో నేను చేసిన మంచి బేరాల్లో అదొకటి. ముందు ఒప్పుకున్నాను. తీసేయండమ్మా, నాకు అర్హత లేదు, పిల్లోళ్ళ బతుకు ముఖ్యం అన్నాను. అది నాయన దగ్గర నేర్చిన మెట్టు దిగడం. ఇప్పుడు తీసేస్తే రిపోర్టులో ఏం రాస్తారో నాకు తెలుసు, రాయండి, నేను అంగడికి పోతాను, అన్నల పక్కన ఒక మూలుంటాను అన్నాను. అది రెండో మెట్టు. ఐదు నెలలుగా మీరు పడ్డ కష్టం ఎవరికీ కనిపించదు, అదొక్కటే నా బాధ అన్నాను. మూడో మెట్టు. నమస్కారం పెట్టి లేచినాను. తలుపు దాకా నడిచినాను. నడుస్తా ఉండగా బల్ల కింద చెప్పు వెతుక్కునే చప్పుడు వినిపించింది. పిలుస్తుందని తెలిసిపోయింది.

"ఉండు" అనింది.

వెనక్కి తిరిగినాను. ఆమె రబ్బరు చేతిలోకి తీసుకుని, మళ్ళీ పెట్టేసింది. "ఫిబ్రవరి దాకా. ఆ పందొమ్మిది మందికి నువ్వు రోజూ సాయంత్రం కూర్చోవాల. రైలు పోతే పోనీ."

నాకు లోపల గెలిచిన సంతోషం. ఏర్పేడు దాకా సైకిలు గాలిలో పోయినట్టు పోయింది.

మాట మాత్రం నిలబెట్టుకున్నాను. రోజూ సాయంత్రం రైలు వదులుకుని కూర్చున్నాను. తక్కెడ తెచ్చి బల్ల మీద పెట్టినాను, పళ్ళేల్లో చింతగింజలు వేసి సమీకరణాలు చెప్పినాను. 'ఎవురికి రాలేదు' అని అడగడం నేర్చుకున్నాను. చెంగమ్మ ఒక దినం లేచి నిలబడి "ఇప్పుడు తెలిసింది సార్, అది యాడికీ పోలే" అనింది. ఫిబ్రవరి చివర ఒక మధ్యాహ్నం పెద్ద టీచరమ్మ వెనక దారిన కాకుండా వరండా మీదుగానే నడిచి పోయింది. నా తరగతిలో ఒక్కరూ తల ఎత్తలేదు. ఆ దినం నేను పంతులైనాను.

జూన్‌లో ఫలితాలు పేపర్లో వచ్చినాయి. తిరుపతిలో పొద్దున్నే పేపరు కొని, అంగడి మెట్ల మీద కూర్చుని నంబర్లు చూసినాను. ఇరవై మంది నంబర్లు ఉన్నాయి. పదకొండు నంబర్లు లేవు. తర్వాత మార్కులు వచ్చినాక చూస్తే పదకొండు మందీ లెక్కల్లోనే పోయినారు. చెంగమ్మ ఆరు మార్కుల్లో పోయింది.

పెద్దయ్యవారు ఆఫీసు గదిలో, నా ముందరే, ఆమెతో మెల్లగా చెప్పినాడు. జనవరిలో నాకిచ్చి ఉంటే ఇందులో సగం మందినైనా దాటించి ఉండేవాణ్ణి టీచర్, అని. అది గొప్పలు కాదని అందరికీ తెలుసు. నేను ఏదో చెప్పబోయినాను. పందొమ్మిది మందిలో ఎనిమిది మంది గట్టెక్కినారు కదా అని. ఆమె "పోదుం" అనింది నాతో. ఆయనతో, "నిజమే" అనింది.

మరుసటి దినం చెప్పులేసుకుని పదకొండు ఇండ్లకు బయలుదేరింది. నన్ను వెంట రమ్మంది గాని మాట్లాడొద్దనింది. ప్రతి ఇంట్లో ఒకటే మాట. "మార్చేదానికి టైం ఉన్నింది. మార్చేది నా చేతిలో ఉన్నింది. నేను మార్చలే." అంతే. కొత్త పంతులు అనలేదు, పిల్లోడు చదవలేదు అనలేదు. ఆ తర్వాత, సెప్టెంబరు పరీక్షకు రేపటి నుంచి బడి వరండాలో నేనే చెప్తాను, పంపండి అనేది. వెంకటేసు తండ్రి నన్ను పైనుంచి కిందికి చూసి, "ఈయప్పను ఎందుకు తీసుకొస్తివమ్మా" అన్నాడు. "ఈయనా చూడాలని" అనింది.

చెంగమ్మ ఇంటి ముందు పందిట్లో తల్లీకూతుళ్ళు విత్తనాలకు చెనిక్కాయలు ఒలుస్తా ఉన్నారు. రైతు ఇచ్చిన కాయలు, కూలికి. చెంగమ్మ చేతులు ఆగలేదు. పెద్ద టీచరమ్మ చెప్పాల్సిన మాట చెప్పింది. తల్లి, పోనీలేమ్మా, రాత అనింది. నర్సు ట్రైనింగుకు కాగితాలు ఈ నెల్లోనే పెట్టాలంట, చిన్నమ్మ రాసింది, సెప్టెంబరంటే వచ్చే ఏడు మాట, అప్పటికి ఎవురెట్లుంటారో అనింది.

చెంగమ్మ అప్పుడు తలెత్తి నన్ను చూసింది. కోపం లేదు. "ఇప్పుడు బాగా చెప్తా ఉండారంట గదా సార్. ఈ ఏడు మీ దగ్గర చదివే తొమ్మిదోళ్ళు అంటా ఉండారు" అనింది. అని మళ్ళీ కాయలు ఒలుచుకుంది.

పది మంది వరండాకు వచ్చినారు, వాళ్ళలో ఏడుగురు సెప్టెంబరులో పాసైనారు. చెంగమ్మ రాలేదు. ఇటికల బట్టీల పనికి పోతా ఉందని విన్నాను. నా ప్రొబేషను రిపోర్టులో పెద్ద టీచరమ్మ నేను మంచి ఉపాధ్యాయుణ్ణని రాసింది. అది అబద్ధం కాదు. నాకు ఉద్యోగం ఖాయమైంది, తర్వాత బదిలీ అయింది, తర్వాత పదేళ్ళకు నేనూ చిత్తూరు దగ్గర ఒక హైస్కూలుకు హెడ్మాస్టరునైనాను.

అప్పుడు వచ్చింది నా వంతు. కొత్తగా చేరిన పిల్ల, లెక్కల టీచరు. పదో తరగతి నుంచి ఏడుస్తా బయటికొచ్చేది. జనవరిలో తల్లిదండ్రులు వచ్చి తీసేయమన్నారు. ఆమె నా గదికి వచ్చి, కొంచెం టైం ఇవ్వండి సార్ అని అడిగింది. పాపం, మెట్లు దిగడం తెలియని పిల్ల. ఏడుస్తా అడిగింది.

ఆదివారం పెద్ద టీచరమ్మను చూసేదానికి పోయినాను. రిటైరై చిత్తూరులో చెల్లెలింట్లో ఉండేది. వసారాలో చాటలో కందులు ఏరుతా ఉంది. నన్ను చూసి ఇంకో చాట తోసింది. ఇద్దరం ఏరినాము. విషయం చెప్పినాను. చెప్పినాను గాని, నేను నిజంగా అడగడానికి పోయింది వేరే. పదేళ్ళుగా అడగాలనుకున్నది. అందుకు లెక్క కూడా కట్టుకుని పోయినాను. ఏడాదికి రెండు వందల మంది చొప్పున ఇప్పటికి రెండు వేల మందికి నేను లెక్కలు చెప్పినానమ్మా, ఆ దినం మీరు నన్ను తీసేసి ఉంటే వాళ్ళకు నేను ఉండేవాణ్ణి కాదు గదా అన్నాను. ఔనప్పా, నేను చేసింది మంచిదే అని ఆమె నోట ఒక్క మాట వస్తే చాలు. అది పట్టుకుని ఇంటికి పోదామని.

ఆమె కందుల్లోంచి ఒక రాయి తీసి పక్కన పెట్టింది. "ఆ రెండు వేల మంది నాకు తెలీదప్పా. బాగుండనీ. నాకు తెలిసినోళ్ళు పదకొండు మంది" అనింది. అని వాళ్ళ పేర్లు చెప్పింది. హాజరు పట్టీ వరసలో, ముందు మొగపిల్లోళ్ళు, తర్వాత ఆడపిల్లలు. ఆదిముని, కుప్పయ్య, గురవయ్య, చిన్నబ్బ, మునిరత్నం, రామచంద్ర, వెంకటేసు. కన్నెమ్మ, చెంగమ్మ, మునెమ్మ, సుగుణ. ఎక్కడా తడుముకోలేదు. నాకు ఆ పదకొండులో ఐదారు పేర్లే గుర్తున్నాయని అప్పుడు తెలిసింది.

నేను ఉండబట్టలేక, అయితే మీరు నాకు టైం ఇయ్యకుండా ఉండాల్సిందా అన్నాను.

"నువ్వు అంగడి మెట్లు దిగతా ఉండావని నాకు తెలీకనా పిలిచినాను? బాగా మాట్లాడినావు ఆ దినం. ఎదురుగా ఉండేవాడి మొకం కనిపిస్తాది అప్పా. నువ్వు పోతావేమోనని నాకు బాధయింది. ఆ ముప్పై ఒక్కమంది గదిలో లేరు. వాళ్ళ సొత్తు మనిద్దరం బేరం చేసుకుంటిమి, వాళ్ళను పిలవకుండా." చాట పక్కన పెట్టింది. "ఇస్తే తప్పా, ఇయ్యకుంటే తప్పా, నాకు ఇప్పటికీ తెలీదు. వాళ్ళను అడగలేదు, అది మాత్రం తప్పు. ఆ కొత్త టీచరుకు ఏం చెప్తావో నీ ఇష్టం. చెప్పేముందర పిల్లోళ్ళను అడుగు."

అడిగినాను. సోమవారం ఆ కొత్త టీచరును వెంటబెట్టుకుని పదో తరగతికి పోయి, ఆమె ముందరే అడిగినాను. టీచరును మార్చమంటారా, ఉంచమంటారా, పరీక్ష మీది, చెప్పండి అన్నాను. ఆ కొత్త టీచరు ముఖం వైపు చూసే ధైర్యం నాకు లేకపోయింది. చివరికి కిటికీ పక్క ఆడపిల్ల ఒకతె లేచి నిలబడింది. టీచరు మంచిదే సార్, తిట్టదు, అయితే లెక్క నడుమ ఆగిపోతాది, ఆగినప్పుడు మాకు ఏం చేయాలో తెలీదు, ఆమెకూ తెలీదు అనింది. మరి ఏం చేద్దామని అడిగితే, "ఆగినప్పుడు మీరుండండి సార్" అనింది.

పరీక్షల దాకా రోజూ ఆ నలభై నిమిషాలు వెనక బెంచీలో కూర్చున్నాను. టీచరు ఆగిన చోట లేచి లెక్క అందుకున్నాను. ఆమె ఆగడం తగ్గింది, నేను లేవడం తగ్గింది. అయితే పిల్లోళ్ళ ముందర తనను అంగట్లో సరుకు మాదిరి నిలబెట్టి అడిగినానని ఆమె నన్ను క్షమించలేదు. మరుసటి ఏడు బదిలీ అడిగి పోయింది. పోయేటప్పుడు చెప్పి పోలేదు. ఆమె కోపంలో న్యాయం ఉంది.

ఆ ఏడు పదో తరగతి లెక్కల్లో నలుగురు తప్పినారు. ఎల్లమ్మ, దామోదరం, పెద్దిరెడ్డి, సుబ్రమణి. నలుగురి ఇండ్లకూ పోయినాను.